బతుకమ్మకు అమ్మిన ఐలాష్ కర్లర్లు జర వాపసు తేండి

అక్కలకు, చెల్లెళ్ళకు నమస్తే.

హన్మకొండల మా కంగన్‌హాల్‌లో, అంటే గాజుల దుకాణంల, మొన్న బతుకమ్మ ముందట నుంచి సంక్రాంతి దాకా రోజ్‌గోల్డ్ రంగు ఐలాష్ కర్లర్లు, అంటే రెప్ప వెంట్రుకలు వంచే పనిముట్లు అమ్మినం. 120 రూపాయల రకం, గులాబీ రంగు అట్టకు కుట్టి ఉంటది. ఆ సరుకుల లోపం ఉంది. తీసుకపోయినోళ్ళు ఇగ దాన్ని కంటి దగ్గర పెట్టకండి, వాపసు తేండి. బిల్లు అడగం. అట్ట పారేసినా, మస్కారా అంటినా తీసుకుంటం. పైసలు కావాల్నంటే పైసలిస్తం, కొత్త రకం కావాల్నంటే పైన ఒక్క రూపాయి తీసుకోకుండ అది ఇస్తం.

లోపం ఏందంటే, కొన్ని రెప్ప వెంట్రుకలను తెంపుతున్నయి. కర్లర్‌కు పైన ఒంపు తిరిగిన లోహపు పట్టీ ఉంటది. కింద గాడి ఉన్న పట్టీ, ఆ గాడిల రబ్బరో సిలికానో ప్యాడ్ కూసుంటది. వేళ్ళు పెట్టే రింగులు నొక్కితే రెండూ కలుస్తయి, నడుమ పడ్డ రెప్ప వెంట్రుకలు పైకి వంగుతయి. అంతకు మించి అందుల ఏం లేదు. 1930లల్ల అమెరికాలోని రోచెస్టర్‌ల కుర్లాష్ పేరుతోటి అమ్మిన కర్లర్ కూడా దాదాపు ఇదే తీరుది. ఇంత చిన్న పనిముట్టుకు ప్రాణం రెండే: పై పట్టీ అంచు, కింది ప్యాడ్. మేం అమ్మినవాటిల కొన్నిటికి ఆ అంచు నున్నగ రుద్దకుండనే పూత పూసిన్రు. ప్యాడ్ కూడా గట్టిది. మంచి ప్యాడ్ వెంట్రుకను తనలోకి అణగనిచ్చి పట్టుకుంటది. గట్టిది కూరగాయల చెక్క లెక్క కింద నిలబడితే, పైనున్న గరుకు అంచు కత్తి పని చేస్తది.

మొదట ఇద్దరు ముగ్గురు వచ్చి వెంట్రుకలు తెగుతున్నయని చెప్పినప్పుడు, మస్కారా పెట్టినంక నొక్కుతున్నరేమో అన్నం. అట్ల అనుడు తప్పు. మిగిలిన సరుకు అట్టల నుంచి విప్పి ఒక్కొక్కటి చూసినంకనే వాళ్ళు చెప్పింది నిజమని తేలింది. వాళ్ళకు క్షమాపణ చెప్పుకుంటున్నం.

మా దగ్గర కొన్నదే కాదు, ఎక్కడ కొన్న కర్లరైనా ఇంట్లనే పరీక్ష చేసుకోవచ్చు. టిష్యూ కాగితం ఒక్క పొర తీసి పట్టీల నడుమ పెట్టి, ఐదు లెక్కపెట్టే దాక మామూలుగ నొక్కి తీయండి. ట్యూబ్‌లైటుకు ఎదురుగ పట్టుకొని చూడండి. ఒంపు పొడుగునా ఒకే తీరు గీత పడితే పట్టీలు సరిగ్గ కలుస్తున్నయి. గీత నడుమల మాయమైతే అక్కడ సందున్నది, అక్కడి వెంట్రుకలు వంగవు, వంగుతలేవని మీరు ఇంకా గట్టిగ నొక్కుతరు. కాగితం తెగితే మాత్రం ఆ కర్లర్‌ను అట్లనే పక్కన పెట్టండి. తర్వాత చిన్న దూది పింజ తీసుకొని పై పట్టీ అంచు మీద ఈ కొస నుంచి ఆ కొసకు మెల్లగ గుంజండి. పోగు చిక్కుకున్న చోట గరుకున్నట్టు. వేలితో తడిమితే తెల్వదు, దూదికి తెలుస్తది.

రాలిన వెంట్రుకను చూసి కూడా చెప్పొచ్చు. రోజుకు ఒకటి నుంచి ఐదు దాక ఊడుడు మామూలే. అట్ల ఊడినదాన్ని తెల్ల కాగితం మీద పెట్టి చూస్తే ఒక కొసకు సన్నని తెల్లటి గుబ్బ కనబడుతది, రెండో కొస సూది లెక్క సన్నబడుతది. కర్లర్ తెంపినదానికి గుబ్బ ఉండదు, తెగిన కొస మొద్దుగ ఉంటది. రెప్ప మీద మిగిలిన మొదలు కూడా పొట్టిగ, కొన మొద్దుగ నిలబడుతది. పై రెప్పకు ఉండేదే సుమారు 100 నుంచి 150 వెంట్రుకలు, పొడుగు 10 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అందుకనే పది తెగినా అద్దంల సందు కనబడుతది. కొత్తవి వస్తయి, కాని వారాల నుంచి నెలలు పడుతది. అప్పటిదాక కర్లర్ బంద్ పెట్టండి.

ఇగ వాడే తీరు. కౌంటర్ కాడ రద్దీల ఇది ఎవరికీ పూర్తిగ చెప్పలేకపోయినం.

కర్లర్ ఎప్పుడూ మస్కారా కంటె ముందే. మస్కారా ఆరినంక వెంట్రుక పుల్ల లెక్క బిర్రుగైతది, వంచితే విరుగుతది. ఆరకముందు నొక్కితే ప్యాడ్‌కు అతుక్కొని, కర్లర్ తీసేటప్పుడు వేరుతోటి వస్తది. కాటుక, జెల్ లైనర్ కూడా తర్వాతనే పెట్టాలె, లేకుంటే ప్యాడ్ నల్లగై ఆ నలుపు రెప్పకు అంటుతది. లెన్సులు పెట్టుకునేటోళ్ళు అన్నిటికంటె ముందు లెన్సులు, తర్వాత క్రీము, పౌడరు, ఐషాడో, అప్పుడు కర్లర్, ఆ తర్వాత లైనర్, చివరికి మస్కారా. రాత్రి రెప్పలకు ఆముదం రాసే అలవాటున్నోళ్ళు పొద్దున శుభ్రంగ తుడిచి ఆరినంకనే కర్లర్ పట్టాలె. జిడ్డు వెంట్రుక ప్యాడ్ మీద జారిపోతది. ఆముదం రాస్తే రెప్పలు పెరుగుతయని మాత్రం మేం చెప్పం.

కూసొని, మోచేయి బల్లకు ఆనించి చేయండి. నడిచే ఆటోల, బస్సుల అస్సలు వద్దు. అద్దం ముఖానికి ఎదురుగ కాదు, ఛాతీ ఎత్తుల పెట్టుకోండి. గదుమ కొద్దిగ పైకెత్తి చూపు కిందికి దించితే పై రెప్ప చర్మం సాగి నున్నగైతది, వెంట్రుకల మొదళ్ళు బయటికి కనబడుతయి. ఎదురుగ చూస్తే రెప్ప మడత పట్టీల నడుమ పడుతది. చర్మం చిటుక్కుమన్నదని చెప్పేటోళ్ళల్ల ఎక్కువమందికి కారణం ఇదే.

కర్లర్ నోరు పూర్తిగ తెరిచి మొదళ్ళ దాక తీసుకపోండి. సగం మూసి ఆగండి. ఎక్కడన్న చురుక్కుమంటే తెరిచి, ఒక మిల్లీమీటరు వెనకకు జరపండి. నొప్పి లేదంటే మెల్లగ నొక్కి ఐదు నుంచి ఎనిమిది లెక్కపెట్టండి. తర్వాత పూర్తిగ తెరిచి నడుమకు జరిపి, మణికట్టు కొంచెం పైకి తిప్పి మూడు లెక్కపెట్టండి. ఆఖరికి కొసల కాడ ఒకటి రెండు, అది కూడా తేలికగ. మూసి ఉన్నప్పుడు కర్లర్‌ను గుంజొద్దు, జరపొద్దు. తుమ్ము వచ్చేటట్టుంటే ముందు తెరవండి. ఒకే చోట ఒకే పట్టున గట్టిగ నొక్కితే వెంట్రుక కొడవలి లెక్క వంపు తిరగదు, మూలమట్టం లెక్క మడత పడుతది. అద్దంల పక్క నుంచి చూస్తే ఆ మడత కొట్టొచ్చినట్టు కనబడుతది. బలం పెంచితే వంపు పెరగదు, మూడు చోట్ల మెల్లగ నొక్కితేనే వస్తది. ఇది ఒక్కటి చేయి పట్టిందంటే సగం పని అయిపోయినట్టే.

వంపు రెండు గంటలకే ఎందుకు పడిపోతదని మస్తుమంది అడిగిన్రు. ఇస్త్రీ బట్టకు నీళ్ళు తగిలితే మడత పోయినట్టే ఇది కూడా. వెంట్రుకల ఉండే కెరాటిన్ అనే ప్రోటీన్‌ను ఆ వంపుల నిలబెట్టేటివి హైడ్రోజన్ బంధాలు, తేమ తగిలితే విడిపోతయి. అందుకే ముఖం కడిగిన వెంటనే కర్లర్ పెట్టినా నిలువదు, పది నిమిషాలు ఆరనియ్యాలె. నీళ్ళ పాలు ఎక్కువున్న మామూలు మస్కారా పెడితే అది ఆరేలోపే వంపు జారుతది. వాటర్‌ప్రూఫ్ రకం వంపును బాగ పట్టుకుంటది. బతుకమ్మ తొమ్మిది రోజులు వానల తేమ పూర్తిగ పోదు, సద్దుల నాడు గంటల తరబడి ఆడితే చెమట వేరే. ఆ రోజుకు వాటర్‌ప్రూఫ్ పెట్టుడే మంచిది. బ్రష్షును సీసా మూతి కాడ తుడిచి పలుచగ ఒక పూత, అర నిమిషం ఆరనిచ్చి రెండో పూత. మందంగ పెడితే ఆ బరువుకే రెప్పలు వాలుతయి. రాత్రి తీసేటప్పుడు రుద్దకండి. కొబ్బరినూనెల ముంచిన దూదిని మూసిన కంటి మీద అర నిమిషం ఆనించి, కిందికి తుడవండి.

కర్లర్‌ను వేడి చేసి వాడొచ్చా? హెయిర్ డ్రైయర్‌తోటి ఒక జానెడు దూరం నుంచి మూడు నుంచి ఐదు సెకన్లు. మణికట్టు లోపలి వైపు ఆనించి చూసి గోరువెచ్చగ ఉంటేనే కంటి కాడికి. లైటరు మీద, గ్యాసు పొయ్యి మీద కాల్చేటోళ్ళున్నరు, దయచేసి ఆ పని చేయకండి. లోహం ఎంత కాలిందో కంటికి తెల్వదు, రెప్ప చర్మం శరీరంల అన్నిటికంటె పలుచనిది. ఎండకాలం బండి డిక్కీల కూడా వదలకండి. మే నెల ఎండకు ప్యాడ్ గట్టిపడుతది.

ప్యాడ్ ఎన్నటికీ ఉండేది కాదు. రోజూ వాడేటోళ్ళు మూడు నెలలకు ఒకటి మార్చాలె. ఫంక్షన్లకే వాడేటోళ్ళు ప్రతిసారి ముందు చూసుకోవాలె: నడుమల గీత లోతుగ పడ్డా, గోరు గుచ్చితే మళ్ళ పైకి లేవకున్నా మార్చేయండి. పాతదాన్ని పళ్ళు కుట్టుకునే పుల్లతోటి ఒక కొస నుంచి లేపితే వస్తది. గాడిని ఇయర్‌బడ్డుకు సర్జికల్ స్పిరిట్ అద్ది తుడిచి ఆరనియ్యండి. కొత్త ప్యాడ్‌ది చదునైన వైపు గాడిలకు, గుండ్రటి వైపు పైకి. నడుమ నుంచి మొదలుపెట్టి రెండు కొసలకు వత్తుకుంట పోవాలె. ఒక కొస నుంచి వత్తితే రెండో కొస బయటికి పొడుచుకొస్తది. జిగురు పెట్టొద్దు. చివరికి మళ్ళ టిష్యూ పరీక్ష.

వాడినప్పుడల్ల ప్యాడ్‌ను, పై పట్టీని పొడి టిష్యూతోటి, వారానికొకసారి స్పిరిట్ దూదితోటి తుడవండి. స్పిరిట్ పూర్తిగ ఆరినంకనే కంటి కాడికి తేవాలె. అక్కచెల్లెళ్ళైనా ఒకరి కర్లర్ ఇంకొకరు వాడొద్దు, కళ్ళకలక అట్లనే అంటుతది. పెళ్ళిళ్ళకు మేకప్ చేసే అక్కలు మా దగ్గర సామాన్లు తీసుకపోతరు, వాళ్ళకు ప్రత్యేకంగ చెప్తున్నం: ఒక మనిషికి ఒక కొత్త ప్యాడ్, లోహం మొత్తం స్పిరిట్‌తోటి తుడుచుడు. పెళ్ళికూతురికి ఒకటి, ఆడబిడ్డలందరికి ఒకటి అన్నట్టు చేయకండి. ఈ కారణానికే మా కౌంటర్ మీద చూసేందుకు పెట్టిన కర్లర్‌ను తీసేసినం. ముందే తీసేయాల్సింది.

కంటి కురుపు, ఎరుపు, మంట ఉన్నప్పుడు కర్లర్ వద్దు. అతికించిన ఎక్స్‌టెన్షన్ రెప్పల మీద అస్సలే వద్దు. జిగురు కాడ వంగి, అసలు వెంట్రుకను కూడా తీసుకొని ఊడుతయి. ఒకే పట్టీగ వచ్చే కృత్రిమ రెప్పలు పెట్టుకునేటోళ్ళు ముందు సొంత రెప్పలను వంచి, ఆ తర్వాత పట్టీ అతికించుకోవాలె. రోల్డ్‌గోల్డ్ కమ్మలు పెడితే చెవి దురద పెట్టేటోళ్ళకు నికెల్ పడకపోవచ్చు. పూత లేచిన కర్లర్ వాళ్ళకు రెప్పల మీద దద్దు, దురద తెస్తది. పూత లేచిందంటే పారేయండి, దురద తగ్గకుంటే చర్మ డాక్టరుకు చూపించండి.

కొత్త సరుకు వచ్చింది. ధర 280, అదనంగ రెండు ప్యాడ్లు. 120 నుంచి 280 అంటే ఎక్కువే, దాచేది లేదు. పైసలు రంగుకు కాదు, అంచు రుద్దిన పనికి, మెత్తటి సిలికాన్‌కు పోతున్నయి. ప్రతి ఒక్కదాన్ని దూదితోటి, టిష్యూతోటి చూసినంకనే అట్టకు పెడుతున్నం. రెండు ఒంపులల్ల ఉంది: ఒకటి లోతు ఎక్కువ, ఒకటి చదును. కన్ను ముందుకు ఉబ్బినట్టుండేటోళ్ళకు లోతు రకం, కొంచెం చదునుగ ఉండేటోళ్ళకు రెండోది. తప్పు ఒంపు తీసుకుంటే మూలల వెంట్రుకలు బయట మిగులుతయి, లేకుంటే లోహం మూలల చర్మానికి ఒత్తుకుంటది. కొలత కోసం అట్ట ముక్కను ఆ ఒంపుకు కోసి పెట్టినం, ఒకరికి వాడింది ఇంకొకరికి వాడం. విడి ప్యాడ్ 20 రూపాయలు, కాని మా కర్లర్లకే సరిపోతది. వేరే కర్లర్ ఉన్నోళ్ళు దాన్ని వెంట తెచ్చి గాడిల పెట్టి చూసుకొని కొనండి.

వాపసు ఇచ్చేందుకు ఆఖరు తేదీ పెడుతలేం. పొద్దున 12 లోపల వస్తే రద్దీ ఉండది, ఒంపు కూడా నిమ్మళంగ చూసిస్తం. పరకాల, నర్సంపేట, జనగామ దిక్కు నుంచి కొన్నోళ్ళు మళ్ళ ఇంత దూరం రావొద్దు, ఇటు వచ్చేటోళ్ళ చేతికిచ్చి పంపండి, పైసలు వాళ్ళ చేతికే ఇచ్చి పంపిస్తం.