ఉమ్మడి వర్క్‌షాపు సీలింగు పని: సర్వసభ్య సమావేశానికి కార్యవర్గం సమర్పించే వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంఘం నిధుల్లో పెద్ద వాటా వర్క్‌షాపు సీలింగుకే పోయింది కాబట్టి నివేదిక కూడా ఎక్కువగా దాని గురించే. ప్లేనర్ (చెక్కను చదును చేసే యంత్రం) బ్లేడ్లు మార్చాం, ఎర్తింగ్ సరిచేయించాం. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు.

మన షెడ్డు వెడల్పు 24 అడుగులు, పొడవు 48. కప్పును మోసే ఇనుప చట్రాలు, అంటే ట్రస్సులు, ఒకదానికీ ఒకదానికీ మధ్య 12 అడుగులు. రేకుల షెడ్డుకు ఇది మామూలే, రేకును పర్లిన్లు (ట్రస్సుల మీద అడ్డంగా వేసిన కమ్మీలు) మోస్తాయి. చిక్కంతా సీలింగు దగ్గరే. శ్లాబుకైతే ఎక్కడ కావాలంటే అక్కడ రంధ్రం వేసి సీలింగును వేలాడదీసే పట్టీ (యాంగిల్) దించుకోవచ్చు. ఇక్కడ ట్రస్సుల నడుమ పట్టుకోవడానికి ఏమీ లేదు. పర్లిన్ల నుంచే వేలాడదీస్తామని కొందరు కొటేషన్ ఇచ్చారు. పర్లిన్ గాలికి రేకుతోపాటు ఊగుతుంది, ఆ ఊపుకు జిప్సం జాయింట్లు నిలవవు. కాబట్టి ట్రస్సు నుంచి ట్రస్సుకు ఇనుప ట్యూబులు వేసి, బరువును ట్రస్సు కింది యాంగిల్ (అడుగున ఉండే ఎల్ ఆకారపు కమ్మీ) మీదకే తేవాలని నిర్ణయించాం.

ముందు బరువు లెక్క. 12.5 మి.మీ. జిప్సం బోర్డు, జీఐ (జింకు పూత ఇనుప) ఫ్రేము, 50 మి.మీ. రాక్‌వూల్ (వేడిని ఆపే రాతినార పరుపు), లైట్లు అన్నీ కలిపి చదరపు మీటరుకు 15 కిలోలు అనుకున్నాం. ట్యూబుల బరువుతో కలిపితే లోపలి ట్రస్సు ఒక్కొక్కదాని మీద సుమారు 470 కిలోలు కొత్తగా పడుతుంది. రేకు బరువుకే లెక్కగట్టిన ట్రస్సు ఇంత మోస్తుందా లేదా అన్నది మేస్త్రీ చెప్పే మాట కాదు, స్ట్రక్చరల్ ఇంజనీరు చూసి సంతకం పెట్టాకే పని మొదలైంది. బరువు యాంగిల్ మధ్యలో పడితే అది వంగుతుంది. అందుకే ట్యూబులను ట్రస్సు జాయింట్ల పక్కనే, జాయింటును కలిపే గస్సెట్ ప్లేటుకు ఆనుకుని పెట్టించాం. మన ట్రస్సులో జాయింట్లు 4 అడుగులకొకటి ఉండడం కలిసొచ్చింది.

ట్యూబు సైజు మీద కమిటీలో వాదన నడిచింది. 50×25×2 మి.మీ. ట్యూబు చవక. కానీ 4 అడుగులకొక వరుస వేసి, 12 అడుగుల దూరానికి లెక్క కడితే మధ్యలో 27 మి.మీ. కిందికి వంగుతుంది, అంటే అంగుళం పైనే. కింద నిలబడి చూస్తే సీలింగు అలలా కనిపిస్తుంది. అదే 80×40×2 మి.మీ. ట్యూబును 80 మి.మీ. వైపు నిలువుగా పెడితే 7 మి.మీ. లోపే. అడ్డంగా పడుకోబెడితే ఆ లాభంలో సగానికి పైగా పోతుంది. ఇది మాత్రం పనివాళ్లకు పదేపదే చెప్పాల్సి వస్తుంది.

మొత్తం 5 వరుసలు, 20 అడుగుల ట్యూబులు 13 పట్టాయి. ఒక వరుసలో 20, 20, 8 అడుగుల ముక్కలు. పక్క వరుస అవతలి గోడ నుంచి మొదలు. ఇలా చేస్తే అతుకులన్నీ ఒకే చోట పడవు, ఏ అతుకూ రెండు ట్రస్సుల నట్టనడుమకు రాదు. అతుకు లోపల అడుగు పొడవు ముక్క దూర్చి వెల్డింగ్ చేయించాం. ట్రస్సుకు మాత్రం వెల్డింగ్ లేదు, రంధ్రమూ లేదు: ఒక్కో చోట రెండు యూ బోల్టులు, కింద 6 మి.మీ. పట్టీలు. లోపలి ట్రస్సులు మూడు కాబట్టి 15 చోట్లు, 30 యూ బోల్టులు. రెండు చివరలు గోడ మీద ప్లేటుకు బిగించాం.

ట్రస్సులు ఎప్పుడూ ఒకే మట్టంలో ఉండవు. అందుకే బోర్డును ట్యూబుకే బిగించలేదు. ట్యూబు నుంచి 4 అడుగులకొక సీలింగ్ యాంగిల్, మొత్తం 55 దించి, వాటికి ఇంటర్మీడియట్ చానల్ (ఫ్రేములో పై వరుస కమ్మీ) 11 వరుసలు కట్టి, లేజర్ లెవెల్‌తో మట్టం చూశాం. యాంగిల్‌కు రెండేసి స్క్రూలు, అవీ ట్యూబు పక్క నుంచే. కింది నుంచి వేసిన స్క్రూ బరువుకు ఊడివస్తుంది.

వాటి కింద సీలింగ్ సెక్షన్లు (బోర్డును బిగించే కమ్మీలు) 18 అంగుళాలకొకటి, 15 వరుసలు. 6×4 బోర్డులో 6 అడుగుల వైపు వీటికి అడ్డంగా వస్తుంది. 72 అంగుళాలంటే సరిగ్గా నాలుగు పద్దెనిమిదులు, కాబట్టి బోర్డు చివర ఎప్పుడూ సెక్షన్ మీదే ఆగుతుంది. మొదటి వరుస రెండంగుళాలు తప్పినా చివర గాల్లో ఉండిపోతుంది. గోడలను నమ్మకుండా షెడ్డు మధ్యలో దారం కట్టి కొలతలు తీసింది ఇందుకే. బోర్డులు లెక్కకు 48, కోతకు కలిపి 52 తెప్పించాం. పక్క వరుసను సగం బోర్డుతో మొదలుపెట్టాలి, ఇటుకల కట్టులాగా. జాయింట్లన్నీ వరుసగా వస్తే ఒకటే పొడవాటి చీలిక పడుతుంది. స్క్రూ తల కాగితాన్ని చింపితే అది పట్టు లేని స్క్రూయే, పక్కన ఇంకొకటి వేయాలి.

బోర్డు ఎక్కించకముందే రేకుల స్క్రూల రబ్బరు వాషర్లన్నీ మార్పించాం. కారుతున్న రేకు కింద జిప్సం ఒక్క వానాకాలం కూడా ఆగదు. ఫ్యాన్లను నేరుగా ట్రస్సుకే పొడవాటి రాడ్లతో తగిలించాం, సీలింగుకు వాటి బరువు లేదు. వెల్డింగ్ మూల ఉన్న షాపులో పీవీసీ, థర్మాకోల్ వద్దనుకోవడానికి కారణం చెప్పనక్కర్లేదు.

ఇక మిగిలిన సమస్య గాలి. కప్పు మీది టర్బో వెంటిలేటర్లు (గాలికి తిరుగుతూ వేడిని బయటికి లాగేవి) ఇప్పుడు రేకుకూ సీలింగుకూ మధ్యనున్న వేడిని మాత్రమే లాగుతున్నాయి, అది మంచిదే. కానీ కిందున్న రంపపు పొట్టు, పాలిష్ వాసన అక్కడికి చేరవు. సీలింగు 11 అడుగుల ఎత్తులో ఉంది. హాల్లో గాలి గంటకు 15 సార్లు మారాలంటే నిమిషానికి సుమారు 3,200 ఘనపుటడుగులు బయటికి తోలాలి. పడమటి గోడకు 18 అంగుళాల ఎగ్జాస్ట్ ఫ్యాన్లు రెండు, వాటికి ఎదురుగా తూర్పు గోడలో జాలీ కిటికీలు పెట్టాలన్న తీర్మానం ఈ సమావేశం ముందుంచుతున్నాం. అప్పటిదాకా పాలిష్ పని షెడ్డు బయటే చేయాలి.

పైకి ఎక్కడానికి తలుపు పక్కన 2×2 అడుగుల మూత ఉంది, తాళంచెవి కార్యదర్శి దగ్గర. ఎక్కినవారు ట్యూబుల మీద పలక పరుచుకునే కదలాలి, బోర్డు మీద కాలు పెట్టకూడదు. యూ బోల్టుల బిగువు ఏటా వర్షాలకు ముందు చూడాలి; ఆ బాధ్యతకు ఇద్దరు సభ్యుల పేర్లు ఈరోజే ఖరారు చేయవలసిందిగా మనవి.