మా ఫోన్లు చదవలేని తెలుగు పుస్తకాలు

సంపాదకుల వారికి నమస్కారం.

నేను పుట్టుకతోనే చూపు లేనివాణ్ణి. ప్రభుత్వ డిగ్రీ కళాశాలలో పద్దెనిమిదేళ్లుగా తెలుగు చెబుతున్నాను. పది రోజుల క్రితం నా పాత విద్యార్థిని ఒకమ్మాయి ఫోన్ చేసింది. దూరవిద్యలో ఎం.ఏ. తెలుగు చదువుతోంది. ఆమెకూ చూపు లేదు. "సార్, యూనివర్సిటీ వాళ్లు మెటీరియల్ పీడీఎఫ్ పంపారు. నా ఫోన్ పాడైనట్టుంది, తెలుగు చదవడం లేదు. ఏవో ఏబీసీడీలు, కామాలు, బ్రాకెట్లు చదువుతోంది" అంది. నాకు పంపమన్నాను. నా కంప్యూటరూ అలాగే చదివింది. ఫోన్‌కి ఏమీ కాలేదు, తేడా అంతా ఆ పుస్తకం టైపు చేసిన తీరులో ఉంది.

చూపున్న పాఠకులకు ఇది కొంచెం విడమరిచి చెప్పాలి. మేం ఫోనూ కంప్యూటరూ వాడేది స్క్రీన్ రీడర్ సాయంతో. తెర మీదున్న అక్షరాలను అది పైకి చదివి వినిపిస్తుంది. ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ ఉచితంగా దొరుకుతుంది, తెలుగూ చదువుతుంది. కాకపోతే ఆ తెలుగు యూనికోడ్‌లో, అంటే ప్రతి లిపిలోని అక్షరాలకూ కంప్యూటర్లో విడివిడిగా సొంత సంఖ్యలిచ్చే పద్ధతిలో, టైపు చేసినదై ఉండాలి. తెలుగు లిపికి యూనికోడ్‌లో 1991లోనే చోటు దక్కింది. మన డీటీపీ సెంటర్లలో మాత్రం ఇప్పటికీ చాలాచోట్ల పాత ఫాంట్లే నడుస్తున్నాయి. వాటిలో కంటికి 'క' కనిపిస్తుంది, లోపల ఉండేది ఏ ఇంగ్లీషు అక్షరమో, ఏ గుర్తో. కాగితం మీద అచ్చు వేసేవరకూ ఎవరికీ ఇబ్బంది లేదు. ఆ ఫైలే మా చేతికొస్తే అది పుస్తకం కాదు, రొద.

ఇంకొన్ని పుస్తకాలు పేజీలకు ఫొటోలు తీసి పీడీఎఫ్ చేసినవి. వాటిలో మా యంత్రానికి ఒక్క అక్షరమూ అందదు. ఫొటోలోంచి అక్షరాలు పట్టుకునే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి, వాడుతున్నాం. వచనం వరకు ఫరవాలేదు. పద్యం దగ్గరికొచ్చేసరికి ఒత్తులు తారుమారవుతాయి. సంయుక్తాక్షరానికి ముందున్న అక్షరం గురువు అవుతుందని క్లాసులో చెబుతాం. ఒత్తు ఎగిరిపోయిన పద్యం చేతికిచ్చి గణవిభజన చెయ్యమంటే ఆ పిల్ల ఏం చేస్తుంది?

నేను చదువుకున్న రోజుల్లో క్యాసెట్లు ఉండేవి. హాస్టల్లో స్నేహితులు రాత్రిపూట పాఠాలు చదివి రికార్డు చేసిచ్చేవారు. నాకు కంఠతా వచ్చిన ఒక ప్రబంధ పద్యం మూడో పాదం దగ్గర ఇప్పటికీ మెస్ గంట మోగుతుంది, ఆ క్యాసెట్‌లో అలాగే పడింది మరి. వాళ్ల రుణం తీరేది కాదు. కానీ స్నేహితులు దొరికినవాడికే డిగ్రీ, దొరకనివాడు ఇంటికి అన్నట్టు ఉండకూడదు కదా. నా పక్క గదిలో చూపులేని కుర్రాడొకడు రెండో ఏడాదిలో మానేసి వెళ్లిపోయాడు. నాకన్నా తెలివైనవాడు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో కనీసం 5 శాతం సీట్లు కేటాయించమంది. వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ పట్టుకుని పిల్లలు వస్తున్నారు, చేరుతున్నారు. చేరినవాళ్లు ఏం చదవాలి? 2017లో వచ్చిన నియమాల్లోనే, వెబ్‌సైట్లలో పెట్టే పత్రాలు ఈపబ్ అనే ఈ-పుస్తక రూపంలోనో, యంత్రం అక్షరాలు గుర్తించగల పీడీఎఫ్‌గానో ఉండాలని రాశారు. అదే చట్టం ప్రకారం ప్రభుత్వ భవనాలను ఆ నియమాలు వచ్చిన ఐదేళ్లలో అందుబాటులోకి తేవాల్సిన గడువు 2022లో దాటిపోయింది. 2024 నవంబరులో సుప్రీంకోర్టు, ఇలాంటి ప్రమాణాలు సలహాలుగా మిగిలిపోతే కుదరదు, కొన్నింటినైనా తప్పనిసరి చెయ్యాలని తేల్చింది. చాలా కళాశాలల్లో ర్యాంపులు వచ్చాయి. చక్రాల కుర్చీలో వచ్చే పిల్లలకు అవి ప్రాణం, ఇంకా రావాలి. కానీ ర్యాంపు కట్టడంతో పని అయిపోయిందని అధికారులు అనుకుంటున్నారు. నా బాధ అది.

ఒక కార్యాలయంలో అడిగితే కాపీరైట్ అడ్డొస్తుందన్నారు. అడ్డురాదు. వికలాంగులు చదవగలిగే రూపంలోకి పుస్తకాన్ని మార్చుకోవచ్చని 2012లోనే కాపీరైట్ చట్టాన్ని సవరించారు. అంధులకు పుస్తకాలు అందించడం కోసం కుదిరిన మరకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికన్నా ముందు ఆమోదించిన దేశం మనదే. పైగా ఈ మెటీరియల్ విశ్వవిద్యాలయం సొంతం. ఎవరి అనుమతి కావాలి?

అధ్యాపకుల సంగతీ చెప్పాలి. స్పాట్ వాల్యుయేషన్‌కు వెళ్తే "మీకెందుకండీ శ్రమ, విశ్రాంతి తీసుకోండి" అని కుర్చీ చూపిస్తారు. ప్రేమతోనే అంటారని తెలుసు. జవాబుపత్రం చదివి వినిపించే మనిషిని ఒకరిని ఇస్తే, మార్కులు వేసే బుర్ర నాకు ఉంది. ప్రభుత్వ సంస్థ వికలాంగ ఉద్యోగికి తగిన వసతి కల్పించాలని వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ చెబుతోంది. నేను రెండుసార్లు రాసిచ్చాను. జవాబు రాలేదు. విశ్రాంతి కోసం నేను ఈ ఉద్యోగంలో చేరలేదు.

రెండు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లకూ, విశ్వవిద్యాలయాలకూ నా మనవి ఒకటే. ఇకమీదట తెలుగులో తయారయ్యే ప్రతి పాఠ్యపుస్తకం, ప్రతి దూరవిద్య మెటీరియల్ యూనికోడ్‌లోనే ఇవ్వాలని డీటీపీ చేసేవాళ్లతో చేసుకునే ఒప్పందంలోనే రాయండి. పాత ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చే సాధనాలు ఉన్నాయి. మార్చాక తప్పులు దిద్దడానికి తెలుగు వచ్చిన మనిషి కొన్ని రోజులు కూర్చోవాలి. మావంటి అధ్యాపకులనే పిలవండి, చెవితో విని దిద్దుతాం. పదాల మధ్య దొర్లిన తప్పు మాకు ఇట్టే తెలుస్తుంది.

ఆ అమ్మాయికి పరీక్షలు దగ్గరపడ్డాయి. రోజూ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక మా ఆవిడ ఒక్కో పాఠం చదువుతుంటే రికార్డు చేసి పంపుతున్నాం. రెండు యూనిట్లు అయ్యాయి. ఇంకా మూడున్నాయి. వాటినైనా ఆమె ఫోన్ చదవగలిగే ఫైలుగా విశ్వవిద్యాలయం వారు పంపగలరా?

— ఒక తెలుగు అధ్యాపకుడు, నంద్యాల జిల్లా