చర్చి గోడ మీద ఫొటో కాదు, లెక్కలు పెట్టండి

సంపాదకులకు,

నమస్కారం.

సందుల్లో వెలుస్తున్న చర్చిల మీద కొన్ని వారాలుగా మీ పేజీలో ఉత్తరాలు వస్తున్నాయి. మైకుల గోల, ఆదివారం బండ్ల పార్కింగ్, అసలు వీళ్లెవరు, డబ్బులెక్కడివి అన్న అనుమానం, అన్నీ కలిపి రాస్తున్నారు. నేను అలాంటి చర్చికి వెళ్లే మనిషినే. పాత గుంటూరులో రేకుల షెడ్డుతో మొదలై ఇప్పుడు స్లాబు వేసుకున్న చిన్న సంఘం మాది. ఏ పెద్ద మిషన్‌కీ చెందినది కాదు. ఆ ఉత్తరాలు చదివి మావాళ్లలో చాలామందికి కోపం వచ్చింది. నాకు రాలేదు. వీధిలోవాళ్లు "మీరెవరండీ" అని అడిగితే చెప్పాలి గానీ కోపగించుకుంటే ఎలా? కాకపోతే, చెప్పుకోవడానికి వీలుగా మనం ఉన్నామా అన్నదే నా బాధ.

ఊళ్లో ఏ చర్చి ముందు నిలబడ్డా కనిపించేది అయ్యగారు (అంటే పాస్టరు), ఆయన భార్య అమ్మగారు నిలువెత్తున నవ్వుతున్న ఫ్లెక్సీ. పేరు ముందు రెవరెండ్, బిషప్, డాక్టర్. కింద ఫోన్ నంబరు, యూట్యూబ్ ఛానల్. ఆ సంఘం పెద్దలెవరో, అది రిజిస్టరయిందో లేదో, కానుకలు ఎవరు లెక్కపెడతారో ఒక్క ముక్క ఉండదు. టిఫిన్ బండి పెట్టుకున్నవాడిని కూడా లైసెన్సు చూపించమంటాం కదా, వందమంది నమ్మకంతో డబ్బు వేసే చోట అడగకూడదా?

ఈ ఊరికి క్రైస్తవం నిన్నా మొన్నా రాలేదు. లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ 1842 జులైలో గుంటూరు వచ్చారు. ఆంధ్రా క్రిస్టియన్ కాలేజీ 1885లో మొదలైంది. 1883లో ఇక్కడికి వచ్చిన అమెరికన్ మిషనరీ డాక్టర్ అన్నా కుగ్లర్ ఆడవాళ్లకూ పిల్లలకూ వైద్యం చేస్తూ 1898 నాటికి ఆసుపత్రి నిలబెట్టారు. మగ డాక్టరు చెయ్యి తగలనివ్వని ఇళ్లు ఎన్నో ఉన్న రోజులవి. ఆ ఆసుపత్రిలో పుట్టినవాళ్లు ఈ జిల్లాలో అన్ని కులాల్లో, అన్ని మతాల్లో ఉన్నారు. 1927లో ఇక్కడి లూథరన్ సంఘాలన్నీ కలిసి గుంటూరు కేంద్రంగా ఆంధ్రా ఎవాంజెలికల్ లూథరన్ చర్చి (ఏ.ఇ.ఎల్.సి.) అయ్యాయి. వాళ్లెవరో, ఏం చేస్తారో ఊరికి విడిగా చెప్పాల్సిన అవసరం రాలేదు. బడి కనిపించేది, ఆసుపత్రి కనిపించేది. పెద్ద మిషన్లన్నీ సవ్యంగా ఉన్నాయని నేననను. ఆస్తుల తగాదాలతో కోర్టుల చుట్టూ తిరిగే సంఘాలు మనకు తెలియనివి కావు. కానీ వాటికి సొంత నియమావళి, ఎన్నికలు, ఆడిట్ ఉంటాయి. తగాదా పడటానికైనా ఒక పద్ధతి ఉంటుంది. మాలాంటి స్వతంత్ర సంఘాల్లో చాలాచోట్ల అయ్యగారే అధ్యక్షుడు, ఆయన భార్యే కార్యదర్శి, బావమరిది కోశాధికారి.

మా దగ్గర ఎలా చేస్తున్నామో చెబుతాను. గొప్పకు కాదు, పెద్ద ఖర్చు లేకుండా అయ్యే పని అని తెలియడానికి. మా సంఘంలో మిర్చి యార్డు హమాలీలు, మిరపకాయల తొడిమలు తీసే ఆడవాళ్లే ఎక్కువ. ఆరాధన అయ్యాక కానుకల సంచి చాప మీద గుమ్మరిస్తారు. చీర కొంగులో ముడేసుకొచ్చిన పది రూపాయల నోట్లు నాలుగు మడతల మీద ఉంటాయి. వాటికంటిన కారానికి లెక్కపెట్టే ముగ్గురూ తుమ్ముతూనే విప్పుతుంటారు. ఆ ముగ్గురిలో ఒక్కరు కూడా అయ్యగారి చుట్టం కాకూడదని రూలు. నోటుబుక్కులో మొత్తం రాసి ముగ్గురూ సంతకాలు పెడతారు, సోమవారం డబ్బు బ్యాంకులో పడుతుంది. నెలాఖరున ఒక కాగితం గుమ్మం పక్క బోర్డుకు పిన్ను కొడతాం. కరెంటు బిల్లు ఇంత, అయ్యగారి జీతం ఇంత, విధవరాండ్రకు బియ్యం ఇంత, మిగులు ఇంత. అయ్యగారి జీతం బజార్న పెడతారా అని మొదట్లో పెద్ద గొడవే అయింది. ఆయనే "ఉండనివ్వండి" అన్నారు. ఎండలో కూర్చుని తొడిమలు తీసి కూలి తెచ్చుకున్న మనిషి, తన పది రూపాయలు ఎటు పోయాయో చదివి తెలుసుకుంటే ఎవరి మర్యాద తగ్గింది?

విదేశీ డబ్బు మాట కూడా తేల్చేద్దాం. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్.సి.ఆర్.ఏ.) ప్రకారం కేంద్ర హోంశాఖ దగ్గర రిజిస్ట్రేషనో, ముందస్తు అనుమతో లేకుండా ఏ సంఘమూ బయటి దేశాల విరాళం తీసుకోవడానికి లేదు. 2020 సవరణ తర్వాత ఆ డబ్బు మొదట ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ఖాతాలోకే రావాలి. మామూలు సొసైటీ రిజిస్ట్రేషన్ దీనికి పనికిరాదు. మాకున్నది ఆ మామూలు రిజిస్ట్రేషనే, ఇంకోదానికి దరఖాస్తు కూడా పెట్టలేదు. సందు చర్చి ప్రతిదానికీ అమెరికా నుంచి డబ్బులొస్తాయనుకునేవాళ్లు ఒక్క ఆదివారం ఆ చాప దగ్గర కూర్చుంటే సరిపోతుంది.

ఇక మేం ఏం నమ్ముతామంటారా? తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ, యేసు సిలువ, పునరుత్థానం, బాప్తిస్మం, ప్రభు బల్ల (రొట్టె, ద్రాక్షరసం అందరం కలిసి పంచుకునే ఆరాధన). ఇందులో కొత్తదేమీ లేదు. ఆ నమ్మకం మీద ఎలా బతుకుతున్నాం అన్న దగ్గరే చిక్కంతా. బల్ల దగ్గర అందరం ఒకటే అని పాడుకుంటాం. పెళ్లి సంబంధం దగ్గరికొచ్చేసరికి కులం అడగని విశ్వాసుల ఇల్లు కోసం వెతుక్కోవాలి. మా సంఘం కూడా దీనికి మినహాయింపు కాదు.

పరిచర్యల విషయంలో రాసిపెట్టుకున్న నియమాలు ఉండాలని నేను గట్టిగా అనుకుంటాను. మా స్త్రీల సమాజం వాళ్లు శుక్రవారం సాయంత్రాలు ప్రభుత్వ జనరల్ ఆసుపత్రి (జి.జి.హెచ్.)కి పెరుగన్నం పొట్లాలు తీసుకెళ్తారు, రోగుల దగ్గర ఉండే అటెండెంట్ల కోసం. మెట్ల మీద, చెట్ల కింద దుప్పటి పరుచుకుని పడుకునేవాళ్లు వాళ్లు. వార్డులో కరపత్రాలు పంచకూడదు, అడగకుండా ప్రార్థన చేయకూడదు. ఇది మా నియమం. మత ప్రచారం చేసుకునే హక్కు రాజ్యాంగం 25వ అధికరణంలోనే ఉంది కదా, మనకెందుకీ భయం అని మా కుర్రాళ్లు వాదిస్తారు. భయం కాదు బాబూ. సెలైన్ ఎక్కుతున్న మనిషి లేచి వెళ్లిపోలేడు. లేచి వెళ్లిపోయే వీలున్నవాడికి చెప్పు, వింటే వింటాడు.

మే నెలలో పిల్లలకు వి.బి.ఎస్., అంటే సెలవుల బైబిల్ బడి, పెడతాం. పాటలకీ, మజ్జిగకీ, బిస్కెట్లకీ వీధిలో అన్ని ఇళ్ల పిల్లలూ వస్తారు. అమ్మో నాన్నో వచ్చి సరే అంటేనే కూర్చోబెడతాం. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీళ్లలో ఉన్నప్పుడు మా కుర్రాళ్లు పులిహోర పొట్లాలు తీసుకెళ్లారు. పొట్లాల మీద చర్చి పేరు స్టిక్కర్ వేద్దామా అని ఒకరు, ఇప్పుడు టైం లేదని ఇంకొకరు అన్నారు. టైం లేకపోవడమే మంచిదైంది.

స్వస్థత సభల గురించి మాత్రం నేను మెత్తగా రాయలేను. షుగరు బిళ్లలు మానెయ్, విశ్వాసం ఉంటే చాలు అని స్టేజీ మీద నుంచి చెప్పడం నా చెవులతో విన్నాను. కుగ్లర్ ఆసుపత్రి ఉన్న ఊళ్లో ఆ మాట అనడానికి నోరెలా వచ్చిందో! జబ్బు పడ్డవాళ్ల కోసం మేమూ ప్రార్థన చేస్తాం, చేశాక మందుల చీటీ ఏదని అడుగుతాం. ఇలాంటి బోధ మీద సాటి పాస్టర్లు బహిరంగంగా మాట్లాడకపోతే, బయటివాళ్లు అందర్నీ ఒకే గాట కడుతున్నారని ఏడవడంలో అర్థం లేదు.

మైకు సంగతి చిన్నది, కానీ మీ పాఠకుల్లో ఎక్కువమంది గోల అదే. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెళ్లు, రాత్రి 45 దాటకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట మైకు పెట్టకూడదు. తెల్లవారుజామున అయిదింటికి ప్రార్థన మొదలుపెట్టే సంఘాలు ఇది చదువుకోవాలి. మేం బయటి మైకు దించేశాం, దించాక హాజరేం తగ్గలేదు. అయితే పోలీసులకు ఒక మాట. ఈ నియమం చర్చి గేటు దగ్గరే గుర్తుకు రాకూడదు. గుడి, మసీదు, పెళ్లి ఊరేగింపు డీజే, పార్టీ మీటింగు, అందరికీ ఒకటే కొలత పెట్టండి. అలా చేస్తే మా వైపు నుంచి ఎవరూ నోరెత్తరు.

పాస్టర్ల ఫెలోషిప్పులు ఎలాగూ నెలనెలా కూడుతుంటాయి. ఈసారి ఎజెండాలో ఒక్క అంశం పెట్టమని మీ పత్రిక ద్వారా అడుగుతున్నాను. ప్రతి సంఘం గుమ్మం పక్కన, వీధిలోవాళ్లకు కనిపించేలా ఒక బోర్డు ఉండాలి. రిజిస్ట్రేషన్ నంబరు, కమిటీ సభ్యుల పేర్లు, ఆరాధన వేళలు, ఇబ్బంది ఉంటే ఎవరికి ఫోన్ చేయాలో, నెల లెక్క, ఇవి ఉంటే చాలు. కమిటీలో సగం మందైనా అయ్యగారి కుటుంబానికి బయటివాళ్లు ఉండాలి, అందులో ఆడవాళ్లూ ఉండాలి. క్రిస్మస్ ఫ్లెక్సీల ఆర్డర్లు నవంబరులోనే వెళ్లిపోతాయి కాబట్టి ఆ లోపే తేల్చుకోవడం మంచిది. రెండు ఫ్లెక్సీలు తగ్గించుకుంటే చెక్క బోర్డు, దానికి అద్దం, తాళం అన్నీ వచ్చేస్తాయి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయురాలు,
పాత గుంటూరు