విష జ్వరం అనే పేరుతో ఏ సూక్ష్మజీవీ లేదు

సంపాదకుల వారికి నమస్కారం.

మొన్న మంగళవారం మీ నెల్లూరు జిల్లా పేజీలో విష జ్వరాలతో పల్లెలు మంచం పట్టాయని వార్త వచ్చింది. మూడు ఊళ్ల పేర్లు రాశారు. ఇంటికి ఒకరిద్దరు పడకేశారని, కాలవలు తీసేవాళ్లు లేరని రాశారు. అవన్నీ రాయాల్సిన మాటలే. కానీ ఆఖరు దాకా చదివినా ఆ జ్వరం ఏ జ్వరమో తెలియలేదు. పక్కన చిన్న బాక్సులో మాత్రం "టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ వంటి వైరస్‌లు" అని ఉంది. నేను ముప్పై ఒక్క ఏళ్లు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. ఆ లైను చదివాక ఊరుకోలేక ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఆ రెండూ వైరస్‌లు కావు, బ్యాక్టీరియా వల్ల వచ్చే జబ్బులు. పేర్లు కలుస్తున్నాయని రెండూ ఒకటే అనుకోవడానికీ లేదు. టైఫాయిడ్ అంటే టైఫస్ లాంటిది అని అర్థం. ఒకప్పటి డాక్టర్లు రెండింటినీ ఒకే జబ్బు అనుకున్నారు, 19వ శతాబ్దంలో విడదీశారు. టైఫాయిడ్ తెచ్చే సాల్మొనెల్లా టైఫి మురుగు కలిసిన నీళ్లతో, తిండితో కడుపులోకి పోతుంది. స్క్రబ్ టైఫస్ తెచ్చేది ఒరియెన్షియా సుత్సుగముషి. పొదల్లో, గడ్డిలో ఉండే, కంటికి సరిగా ఆనని నల్లి పిల్ల (మంచంలో ఉండే నల్లి కాదు, చిగ్గర్ అంటారు) కుడితే అది ఒంట్లోకి వస్తుంది. ఒకదానికి కుళాయి నీళ్లు చూసుకోవాలి, రెండోదానికి గట్టు మీద గడ్డి చూసుకోవాలి. రెండింటినీ విష జ్వరం అనేస్తే చదివేవాడు దేన్ని చూసుకోవాలి?

ఇది నాకు పుస్తకాల గొడవ కాదు. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చిన సంగతి మన జిల్లాలో ఎవరూ మరిచిపోలేదు. వరద తీశాక మా బావ తన పొలం గట్ల మీద పెరిగిన పొదలు కొట్టించి, గేదెలకు గడ్డి తనే కోసుకొచ్చాడు. డిసెంబరులో జ్వరం పట్టుకుంది. తలనొప్పి, ఒళ్లునొప్పులు, కళ్లు ఎర్రగా. దగ్గర్లోని ఒక ఆసుపత్రిలో వైడాల్ పరీక్ష చేసి టైఫాయిడ్ అన్నారు. రోజుకు రెండుసార్లు సెఫ్‌ట్రియాక్సోన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్. ఆరు రోజులైనా 103 దిగలేదు. ఏడో రోజుకు ఆయాసం మొదలైంది, మాట తడబడింది. మా అక్క ఫోన్ చేసి ఏడ్చింది.

నేను వెళ్లి ఒళ్లంతా చూద్దామని చొక్కా విప్పించాను. చంకల్లో ఏమీ లేదు. మొలతాడు పక్కకు జరిపితే, సరిగ్గా దాని కింద, కుడివైపు, కందిగింజంత నల్లటి చెక్కు. బీడీ అంటించి తీసినట్టు నడుమ నలుపు, చుట్టూ ఎర్రటి అంచు. ముట్టుకుంటే నొప్పి లేదన్నాడు. "అదేం లేదులే అబయా, మొలతాడు రాసుకుని పుండైంది" అన్నాడు. ఆయనే కాదు, ఆరు రోజులు సూదులు వేసినవాళ్లు కూడా దాన్ని పట్టించుకోలేదు. నల్లి కుట్టిన చోట పడే మచ్చ అది. అందరికీ పడదు, పడినా నొప్పి, దురద ఉండవు. చంకల్లోనో, గజ్జల్లోనో, బట్ట బిగించే చోటో దాక్కుంటుంది. ఆ రాత్రే నెల్లూరుకు తీసుకెళ్లాం. అక్కడి డాక్టరమ్మ మచ్చ చూడగానే డాక్సీసైక్లిన్ మొదలుపెట్టారు, ఎలైజా పరీక్షకు రక్తం పంపారు. రెండో రోజుకు జ్వరం దిగింది. రిపోర్టు ఆ తర్వాత వచ్చింది, స్క్రబ్ టైఫస్ అనే.

వైడాల్ గురించి ఒక మాట చెప్పాలి. లెక్కలేనన్ని చేశాను కాబట్టి చెబుతున్నాను. అది సూక్ష్మజీవిని చూపించదు. దానికి ఎదురుగా మన ఒంట్లో తయారైన యాంటీబాడీలను చూపిస్తుంది. ఎప్పుడో వచ్చి తగ్గిన టైఫాయిడ్ వల్ల ఉండొచ్చు, ఇంకేదో జ్వరం వల్ల కూడా పాజిటివ్ రావచ్చు. టైఫాయిడ్‌ను గట్టిగా తేల్చేది బ్లడ్ కల్చర్, అంటే రక్తాన్ని సీసాలో పోసి అందులోని బ్యాక్టీరియాను పెంచి చూడటం. అదీ మందులు పడకముందు, మొదటి వారంలో తీస్తే మేలు. యాంటీబయాటిక్ పడ్డాక తీస్తే, సీసాలో ఏమీ పెరగకపోయినా జబ్బు లేదని చెప్పలేం.

మరి అంత పెద్ద ఇంజెక్షన్ ఎందుకు పనిచేయలేదని అక్క అడిగింది. బ్యాక్టీరియాను ఎందుకు కుటుంబాలుగా విడదీస్తారో దానికి జవాబు ఆ ప్రశ్నలోనే ఉంది.

1884లో బెర్లిన్‌లో పనిచేస్తున్న డెన్మార్క్ డాక్టరు హన్స్ క్రిస్టియన్ గ్రామ్ కనిపెట్టిన రంగు పద్ధతితోనే ఇవాళ్టికీ ల్యాబులో పని మొదలవుతుంది. చీము గానీ గళ్ల గానీ గాజు పలక మీద పలచగా పూసి, ఆరనిచ్చి, స్పిరిట్ దీపం మీద చూపిస్తాం. ఊదా రంగు క్రిస్టల్ వయొలెట్ ఒక నిమిషం, కడిగి అయోడిన్ ఒక నిమిషం. తర్వాత స్పిరిట్ పోసేటప్పుడే చేతి నేర్పు కావాలి. కాస్త ఎక్కువైతే ఉండాల్సిన రంగు పోతుంది, తక్కువైతే పోవాల్సింది మిగులుతుంది. అంచు నుంచి ఊదా కారడం ఆగిన క్షణానే నీళ్లు పోయాలి. చివర సాఫ్రనిన్ అనే ఎర్ర రంగు. నూనె చుక్క వేసి మైక్రోస్కోప్‌లో వంద రెట్ల లెన్సు కింద చూస్తే, బ్యాక్టీరియా చుట్టూ ఉండే గోడ మందంగా ఉన్నవి ఊదాగా నిలుస్తాయి, గోడ పలచనివి గులాబీగా కనిపిస్తాయి. ఊదావి గ్రామ్ పాజిటివ్, గులాబీవి గ్రామ్ నెగెటివ్. సెగ్గడ్డలు తెచ్చే స్టెఫైలోకాకస్ ద్రాక్ష గుత్తుల్లా, గొంతు వాపు తెచ్చే స్ట్రెప్టోకాకస్ పూసల దండలా, రెండూ ఊదాగా. మూత్రంలో మంట తెచ్చే ఈ.కోలై, టైఫాయిడ్ తెచ్చేది గులాబీ కడ్డీల్లా. కలరాది కామా గుర్తులా వంగి ఉంటుంది, అదీ గులాబీయే. ఈ పని ఎన్ని వందల సార్లు చేసినా, ఊదా గుత్తులు ఫోకస్‌లోకి వచ్చే క్షణం నాకెప్పుడూ పాతబడలేదు.

గ్రామ్ రంగుకు లొంగనివీ ఉన్నాయి. టీబీ, కుష్టు తెచ్చేవాటికి గోడ మీద మైనం లాంటి పూత ఉంటుంది, వాటికి వేరే రంగు. ఎలుక జ్వరం తెచ్చే లెప్టోస్పైరా మరీ సన్నని మెలిక తీగ, కొసలు కొక్కెంలా వంగి ఉంటాయి, మామూలు స్లయిడులో కనపడదు. ఎలుకల మూత్రం కలిసిన మడి నీళ్లలో పుండ్లున్న కాళ్లతో దిగి నాట్లు వేసే ఆడవాళ్లకు వచ్చేది ఇదే. బావను పట్టుకున్న ఒరియెన్షియా మన కణాల లోపలే దూరి బతుకుతుంది. గోడ కట్టకుండా అడ్డుపడే పెన్సిలిన్, సెఫ్‌ట్రియాక్సోన్ జాతి మందులు దానిమీద పనిచేయవు. కణంలోకి వెళ్లి, అది ప్రొటీన్లు తయారు చేసుకోకుండా ఆపే డాక్సీసైక్లిన్ లాంటి మందు కావాలి. అక్కకు ఇంత చెప్పలేదు, "ఆ సూది ఆ పురుగు ఉన్న చోట పనిచేసేది కాదక్కా" అన్నాను.

డాక్సీసైక్లిన్ టెట్రాసైక్లిన్ల కుటుంబంలోది. ఆ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్ 1948లో లోకానికి తెలిసింది. అది బయటపడిన అమెరికాలోని లెడర్లీ మందుల సంస్థలో పరిశోధనలను నడిపించింది మన భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు. బావ మంచం పక్కన ఆ మాత్రల అట్ట చూసినప్పుడు నాకు ఆయనే గుర్తొచ్చారు.

ఇది చదివి ఎవరూ షాపుకెళ్లి డాక్సీసైక్లిన్ కొనుక్కోవద్దు. డెంగ్యూ, చికున్‌గున్యా వైరస్‌లు, వాటిమీద ఏ యాంటీబయాటిక్కూ పనిచేయదు. మలేరియా అయితే బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, దాని మందులు వేరు. జ్వరం రాగానే అట్ట మీద ఎర్ర గీత ఉన్న మాత్రలు రెండు రోజులు మింగి ఆపేసేవాళ్లను మా వీధిలోనే చూస్తున్నాను. డాక్టరు చీటీ లేకుండా వాడొద్దని పెట్టిన గీత అది, ఆ మాట వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

అందుకే మిమ్మల్ని అడిగేది. మీ విలేకరి జ్వరాల వార్త రాసేటప్పుడు ఆసుపత్రి వాళ్లను రెండు ప్రశ్నలు అడగమనండి. ఎంతమందికి ఏ జ్వరమని తేలింది? ఏ పరీక్షలో తేలింది? ఇంకా తేలకపోతే "ఏ జ్వరమో ఇంకా తేలలేదు" అని రాయండి. అప్పుడు పై అధికారులు పరీక్ష కిట్లు ఎందుకు లేవని అడగాల్సి వస్తుంది. విష జ్వరం అని రాస్తే అడగాల్సింది ఏమీ మిగలదు. ఇక రబీ నాట్లు మొదలయ్యేలోపు, నల్లి కుట్టిన మచ్చ ఎలా ఉంటుందో ఒక బొమ్మ మీ జిల్లా పేజీలో వేయండి. వ్యాసం అక్కర్లేదు. బొమ్మ, దాని కింద ఒంట్లో ఎక్కడెక్కడ వెతకాలో నాలుగు మాటలు, మచ్చ లేకపోయినా ఐదు రోజులు దాటిన జ్వరమైతే స్క్రబ్ టైఫస్ పరీక్ష గురించి డాక్టరును అడగమని ఒక లైను, చాలు.

మీ బుచ్చి విలేకరికి మా ఇల్లు తెలుసు. నా దగ్గర పాత మైక్రోస్కోప్ ఉంది, స్లయిడ్లు ఉన్నాయి. ఏ ఆదివారమైనా వస్తే ఊదావి, గులాబీవి రెండూ చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ల్యాబ్ టెక్నీషియన్,
బుచ్చిరెడ్డిపాళెం, నెల్లూరు జిల్లా.