మా నాన్న పాడినవీ కీర్తనలే, మంత్రి గారూ

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వృద్ధ కళాకారుల పింఛను కోసం మా నాన్న పెట్టుకున్న అర్జీ గురించి ఇదివరకే మీ పేషీకి రాశాను. జవాబు రాలేదు. అందుకే ఇలా అందరి ముందు అడుగుతున్నాను.

ఆఫీసులో మాకు నోటిమాటగా చెప్పింది ఒక్కటే: "చర్చిలో పాడితే అది కళ కాదమ్మా, మతం." అదే మాట కాగితం మీద రాసివ్వమంటే ఇవ్వలేదు. మా ఊళ్లో చెక్కభజన నేర్పే గురువు గారికి పింఛను వచ్చింది. ఆయనకు ఎప్పుడో రావాల్సింది, వచ్చినందుకు మాకూ సంతోషమే. కానీ ఆయనా మా నాన్నా ఒకే హార్మోనియం మాస్టారి దగ్గర నేర్చుకున్నారు సార్. ఒకరిది కళ, ఇంకొకరిది కాదా?

ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం ఒకసారి తెప్పించుకుని చూడండి. చాలా పాటల పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. 1803లో పుట్టి 1890లో కన్నుమూసిన పురుషోత్తమ చౌదరి గారి కీర్తనలు ఇవాళ్టికీ ఆరాధనలో పాడుకుంటున్నాం. మా నాన్నకు అవి పుస్తకం చూడకుండా వచ్చు.

సాక్ష్యాలు తెమ్మంటున్నారు. సర్టిఫికెట్లు, పేపర్ కటింగులు, స్టేజీ ఫొటోలు. ఎక్కడి నుంచి తేవాలి? డిసెంబరు చలిలో ఊరూరా తిరిగి క్రిస్మస్ పాటలు పాడితే సర్టిఫికెట్ ఎవరిస్తారు? చావింట్లో శవం పక్కన కూర్చుని తెల్లవార్లూ పాడేవారు. భూస్థాపన అయ్యాక ఇంటికొచ్చి, ఒళ్లు కడుక్కుని, కూలికి పోయేవారు. ఎవర్నీ డబ్బు అడగలేదు. కప్పిన శాలువాలన్నీ కలిపి అమ్మ బొంతలు కుట్టింది. హార్మోనియం తిత్తి చిరిగితే సైకిల్ ట్యూబు ముక్క అతికించుకున్నారు. ఆ పెట్టె ఫొటో అర్జీకి జతచేస్తే పనికిరాదన్నారు.

ఇప్పుడు ఆయనకు ఆయాసం. రెండు చరణాలు పాడేసరికి ఊపిరి అందదు. నెల తిరిగేసరికి మందుల టెన్షన్. అయినా పింఛను రానందుకు ఆయన బాధపడటం నేను చూడలేదు. ఆఫీసు నుంచి వచ్చిన ప్రతిసారీ "అయితే నేను పాడింది పాట కాదంటారా అమ్మా?" అని అడుగుతారు. ఏం చెప్పను సార్?

దయచేసి ఆ అర్జీ మళ్లీ తెరిపించండి. ఇవ్వలేమంటే కారణం రాసివ్వమనండి. సంగీతం తెలిసినవాళ్లను కూర్చోబెట్టి ఒక్కసారి ఆయన పాట వినమనండి. ఎక్కడికి రమ్మన్నా తీసుకొస్తాను. ఎండకు తట్టుకోలేరు, కాస్త పొద్దున పూటే పిలిపించండి.

ఇట్లు,
ఒక కీర్తనల గాయకుడి కూతురు,
గుంటూరు జిల్లా