బీపీ గోలీ ఒక్కటే చూపిస్తే సరిపోదు, సంచి మొత్తం చూపించాలి

సంపాదకులు గారికి నమస్కారం,

మే 17న ప్రపంచ రక్తపోటు దినం అని మా ఊరి బస్టాండ్ పక్కన టెంట్ వేసి అందరికీ ఫ్రీగా బీపీ చూశారు. మంచి పనే. కానీ వచ్చినవాళ్ళందరికీ ఉప్పు తగ్గించండి, గోలీ మానకండి అని చెప్పి పంపించారు తప్ప, ఆ గోలీ వేసుకున్నాక కాళ్ళు వాస్తే ఏం చెయ్యాలి, దగ్గు పట్టుకుంటే ఎవరికి చెప్పాలి, ఇంకేం మందులు వాడుతున్నావమ్మా అని అడిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఆ ఒక్క మాట ముందే ఎవరైనా అడిగుంటే మా అమ్మకి అంత కష్టం వచ్చేది కాదు, అందుకే ఈ ఉత్తరం.

మా అమ్మకి 63 ఏళ్ళు, టెల్మిసార్టన్ 40 మీద చాలా ఏళ్ళు బీపీ బానే ఉండేది. పోయినేడు పత్తి ఏరే రోజుల్లో మోకాళ్ళు బాగా పట్టేసి మెడికల్ షాపులో నొప్పుల గోలీలు తెచ్చుకుని పొద్దున ఒకటి రాత్రి ఒకటి వేసుకోవడం మొదలుపెట్టింది, అది డైక్లోఫెనాక్ అని మాకు తర్వాత తెలిసింది. నెల తిరిగేసరికి బీపీ 160 దాటింది. చూపించిన డాక్టర్ గారు అమ్లోడిపిన్ 5 కలిపారు, తగ్గకపోతే 10 చేశారు. నొప్పుల గోలీ సంగతి ఆయన అడగలేదు, మా అమ్మ చెప్పలేదు, ఆమె లెక్కలో అది బీపీకి సంబంధించిన విషయమే కాదు మరి.

ఇంకో నెలకి పాదాలు వాపు. పొద్దున తక్కువే ఉండేది, సాయంత్రానికి కాలి పట్టీలు బిగుసుకుపోయేవి, వేలితో నొక్కితే గుంట పడేది. చుట్టుపక్కల వాళ్ళు కిడ్నీలు పోయినట్టున్నయ్ అని భయపెట్టారు, ఊళ్ళో ఒకాయన ఒంట్లో నీరు చేరింది అని నీరు పోయే గోలీ ఇచ్చాడు. ఇక రాత్రంతా బాత్రూంకి లేవడం, పిక్కలు పట్టెయ్యడం, లేస్తే కళ్ళు తిరగడం. ఒక రాత్రి అట్లనే గడప దగ్గర పడిపోయింది, దేవుడి దయవల్ల ఎముక విరగలేదు.

అప్పుడు పట్నం తీసుకెళ్తే అక్కడి డాక్టరమ్మ బీపీ చూసి, అమ్మా ఇంట్లో ఉన్న మందులన్నీ తెచ్చారా అని అడిగింది. అమ్మ సంచి బల్ల మీద బోర్లించింది. ఆమె ఒక్కొక్క స్ట్రిప్పు తీసి పక్కన పెడుతూ మాకు అర్థమయ్యేలా చెప్పింది. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి ఒంట్లో ఉప్పునీ నీటినీ ఆపేసి బీపీ పెంచుతాయంట, బీపీ మందు పనిని కూడా తగ్గిస్తాయంట. అంటే పెరిగిన బీపీకి కారణం నొప్పుల గోలీ, దాని కోసం పెంచింది అమ్లోడిపిన్, దాని వల్ల వాపు, ఆ వాపుకి నీరు గోలీ! అమ్లోడిపిన్ సన్న రక్తనాళాల్ని వదులు చేస్తుంది కాబట్టి కొందరికి నీరు పాదాల్లోకి దిగుతుంది, డోసు పెరిగితే వాపు పెరుగుతుంది, నీరు గోలీతో అది పెద్దగా తగ్గదు. గుండె, కిడ్నీ, లివర్ తేడా చేసినా వాపు రావచ్చు కాబట్టి అదేంటో డాక్టరే తేల్చాలి, అది వేరే సంగతి.

అన్నిటికంటే మేము భయపడింది ఏంటంటే టెల్మిసార్టన్, నీరు గోలీ, నొప్పుల గోలీ మూడూ కలిస్తే కిడ్నీ మీద దెబ్బ పడుతుందంట. రక్తం చూస్తే కిడ్నీ ఎట్లా పనిచేస్తుందో చెప్పే క్రియాటినిన్ 2.1 ఉంది, అంటే ఉండాల్సిన దానికంటే ఎక్కువ. నొప్పుల గోలీ, నీరు గోలీ ఆపించి, అమ్లోడిపిన్ తగ్గించి, మోకాళ్ళకి పారాసెటమాల్, కాపడం చెప్పింది. ఆరు వారాలకి 1.0కి వచ్చింది. అమ్మ మాత్రం ఆ రోజు "నొప్పుల గోలీ గింత పని చేస్తదని నాకేమెరుక బిడ్డా" అని ఏడ్చింది, ఆ మాట నాకిప్పటికీ పోవట్లేదు, ఆమెకెట్లా తెలుస్తుంది చెప్పండి, చెప్పాల్సినవాళ్ళం చెప్పలేదు.

మా బావగారిది ఇంకో కథ. ఎనలాప్రిల్ అనే బీపీ గోలీ మొదలుపెట్టాక పొడి దగ్గు, మూడు నెలలు సిరప్‌లు తాగాడు, ఎక్స్‌రే తీయించుకున్నాడు, తెమడ పరీక్ష కూడా అయ్యింది. చివరికి గోలీ మార్చి లోసార్టన్ ఇచ్చాక కొన్ని వారాల్లో తగ్గిపోయింది. ఆ దగ్గు ఆ మందుకి బాగా తెలిసిన ఇబ్బందే.

ఇవన్నీ చదివి గోలీ మానేద్దాం అనుకునేవాళ్ళు ఉంటారు, దయచేసి ఆ పని చెయ్యొద్దు. అటెనొలాల్, మెటొప్రొలాల్, క్లోనిడిన్ లాంటివి ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగిసిపోవచ్చు, గుండెకి ప్రమాదం. ఏ మందైనా సొంతంగా మానితే పక్షవాతం దాకా పోవచ్చు. మార్చడానికి వేరే మందులు చాలా ఉన్నాయి, డాక్టర్‌కి చెప్పుకుంటే చాలు.

చెప్పేటప్పుడు చిన్నవి కూడా చెప్పాలి. జలుబు గోలీల్లో ఉండే ఫినైలెఫ్రిన్ కొందరికి బీపీ పెంచుతుంది, అతిమధురం ఎక్కువగా వాడినా పెరుగుతుంది. ఉప్పు తగ్గించాలని కొనే సోడియం తక్కువ ఉప్పులో పొటాషియం ఉంటుంది, టెల్మిసార్టన్ వాడేవాళ్ళు, ముఖ్యంగా కిడ్నీ బలహీనంగా ఉన్నవాళ్ళు అడగకుండా వాడకూడదు. మేమిప్పుడు ఇంట్లో కూర్చుని 5 నిమిషాలు ఆగి ఒకసారి, నిలబడ్డాక ఒకసారి బీపీ చూసి నోట్‌బుక్‌లో రాస్తున్నాం, అది చూస్తే డాక్టర్‌కి సగం విషయం తెలిసిపోతుంది.

నేను అడిగేది పెద్దదేం కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మా అమ్మకిచ్చిన బీపీ పుస్తకంలో తేదీ, బీపీ, ఇచ్చిన గోలీ రాసే గళ్ళే ఉన్నాయి, "బయట వాడుతున్న మందులు" అని ఇంకో గడి పెట్టండి. ఆశా అక్కలు ఇంటికొచ్చినప్పుడు ఆ మందుల సంచి కూడా ఒకసారి చూడమనండి. మెడికల్ షాపు అన్నలు నొప్పుల గోలీ ఇచ్చేముందు బీపీ ఉందా అని ఒక్క మాట అడగండి, అసలు డైక్లోఫెనాక్ చీటీ లేకుండా ఇచ్చే మందు కాదు. క్రియాటినిన్, పొటాషియం పరీక్షలకి మన దగ్గర తెలంగాణ డయాగ్నస్టిక్స్ ఉంది, డబ్బులు కట్టక్కర్లేదు, డాక్టర్ రాస్తే చాలు.

ఇంకోటి, మందు వల్ల ఇబ్బంది వస్తే మనలాంటి మామూలు మనుషులు కూడా రిపోర్ట్ చెయ్యొచ్చు, టోల్ ఫ్రీ నంబర్ 1800-180-3024. తెలుగులో ఫారం కూడా ఉంది. ఈ నంబర్‌ని మీ ఆరోగ్యం పేజీలో కాస్త పెద్ద అక్షరాలతో వెయ్యగలరా, మా అమ్మ లాంటివాళ్ళు కళ్ళజోడు లేకుండా చదివేలా.

ఇట్లు,
ఒక పాఠకురాలు, సూర్యాపేట జిల్లా