శబ్దం ఒకచోట, బిల్లు ఇంకోచోట

ఎడిటర్ గారికి నమస్కారం.

ఆదివారం పేపర్లో కొత్త కార్ల గురించి వేస్తుంటారు. నేనూ చదువుతాను. సన్‌రూఫ్ ఉందట, సీట్లోంచి చల్లగాలి వస్తుందట. మే నెలలో గుంటూరు ఎండ తిన్నవాడెవడూ నెత్తిమీద కిటికీ పెట్టించుకోడు గానీ, అది అలా ఉంచండి. సీజన్లో మిర్చి యార్డు గేటు దగ్గర పది నిమిషాలు నిలబడితే వరసగా కనిపించేవి పికప్‌లే. వాటి బాగోగుల గురించి ఒక్క ముక్క రాదు. అందుకని నేనే రాస్తున్నాను.

ప్రత్తిపాడు వైపు ఊళ్ల నుంచి యార్డుకి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, తోలతాను. సెకండ్ హ్యాండ్‌లో కొన్న బండి. టిక్కీ 40 కిలోల పైమాటే, 35 ఎక్కితే దగ్గర దగ్గర టన్నున్నర. పైగా "ఇంకో రెండు పడెయ్ బాబాయ్" అంటే కాదనలేం.

సీజను చివర్లో వెనకవైపు చప్పుడు మొదలైంది. లోడు మీద ఏమీ ఉండదు. ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు స్పీడు బ్రేకరు దిగగానే 'టక్'. నెమ్మదిగా గుంటలో దింపితే 'కిర్రు'. చూపిస్తే, మేస్త్రి బండిని ఒక ఊపు ఊపి "షాకబ్జర్లు పోయాయన్నా" అన్నాడు. వెనకవి రెండూ మార్చాడు. సామాను, కూలీ కలిపి 5,200. ఇంటికి చేరకముందే 'టక్'. మళ్లీ వెళ్తే "అయితే కమాన్ కట్టలే. దించి మెయిన్ పట్టీలు మార్చాలి, 14 వేలు అవుతుంది" అన్నాడు. కమాన్ కట్ట అంటే ఇనుప పట్టీలు ఒకదాని మీద ఒకటి పేర్చిన స్ప్రింగు, బండి బరువంతా దాని మీదే. పాత షాకబ్జర్లు ఏవయ్యా అంటే, పాత ఇనుము వాడు పట్టుకెళ్లాడట. అవి నిజంగా పోయాయో లేదో ఇక ఏ దేవుడూ చెప్పలేడు.

ఆ రాత్రి మా ఆవిడని పక్కన కూర్చోబెట్టుకుని వీధి చివర దాకా తిప్పాను. రెండుసార్లు విని, "ఇనుము విరిగిన చప్పుడు కాదిది. మంచం కోడు వదులైతే ఇలాగే అంటుంది" అంది. నాకప్పుడు వెలిగింది. విరగడం కాదు, ఎక్కడో కీలు వదులైంది.

యార్డుకి ఎండాకాలం సెలవులు ఇచ్చారు, బండి ఇంటి ముందే ఉంది. ముందు డాలా (సరుకు తొట్టి తలుపు) కొక్కేల సందుల్లో సైకిలు ట్యూబు ముక్కలు దూర్చాను. స్టెప్నీ బిగించాను, జాకీ, టామీ రాడ్డు దించేశాను. నవ్వకండి, ఖాళీ బండిలో సగం మోత వీటిదే. అయినా 'టక్' పోలేదు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల కింద చెక్క దిమ్మలు పెట్టి, మా చిన్నోణ్ణి వెనక బంపరు మీద ఎక్కి ఊగమన్నాను. చక్రాలు నేల మీదే ఉన్నాయి. నేను పక్కన పడుకుని ఒక్కో బోల్టు తల మీద చెయ్యి వేసి చూశాను, సందుల్లో వేళ్లు పెట్టకుండా. ఎడమ షాకబ్జరు కింద బోల్టు దగ్గర ఏమీ లేదు, కుడిదీ అంతే. కుడివైపు కట్ట వెనక చివర ఉండే కీలు, అదే షాకిల్, దాని మీద పెడితే, వాడు ఊగిన ప్రతిసారీ అరచేతికి చిన్న దెబ్బ. చెవికేమో అన్నాళ్లూ ఎడమవైపే అనిపించింది! ఛాసిస్ పొడుగునా ఇనుమే కదా, చప్పుడు ఎక్కడ పుట్టి ఎక్కడ వినపడుతుందో నమ్మలేం.

'కిర్రు'ని నీళ్లతో పట్టుకున్నాను. సీసా మూతకి చిల్లు పెట్టి సబ్బు నీళ్లు ఒక్కో బుష్ (కీలులోని రబ్బరు) మీదా విడివిడిగా కొట్టాను. అదే షాకిల్ దగ్గర తడవగానే నోరు మూసింది. ఆరిపోయాక మళ్లీ మొదలు.

షాకిల్ గురించి తెలియనివాళ్లకి ఒక మాట. కమాన్ కట్ట ముందు చివర ఒకచోట నిలిచి ఉంటుంది. బరువు పడితే కట్ట వంపు తగ్గి పొడుగు సాగుతుంది కాబట్టి వెనక చివర కదలడానికి ఊగే ముక్క ఒకటి ఉంటుంది, అదే షాకిల్. ఆ కీలులో ఉండే రబ్బరే బుష్. అది అరిగితే బోల్టు ఇనుముకి కొట్టుకుంటుంది. వెనక రెండు కట్టలకీ కలిపి బుష్‌లు 900 రూపాయలకి వచ్చాయి.

పని మాత్రం తేలిక కాదు. ఛాసిస్‌ని రెండు స్టాండ్ల మీద నిలిపి, జాకీతో ఇరుసుని కొంచెం లేపి కట్ట మీద బిగువు తీశాక గానీ బోల్టు కదల్లేదు. పాత బుష్ రబ్బరుని బయటికి తోసేస్తే లోపల రేకు గొట్టం తుప్పుతో అతుక్కుపోయి ఉంది. హ్యాక్సా బ్లేడు విప్పి, కట్ట చివరి గుండ్రటి కన్నులోంచి దూర్చి మళ్లీ బిగించి, గొట్టాన్ని మాత్రం నిలువునా కోసి ఉలితో లోపలికి ముడిచాను. కొత్తది సుత్తితో కొట్టకుండా పొడుగు బోల్టు, మందం వాషర్లు, పైపు ముక్క పెట్టి నట్టు తిప్పుతూ లోపలికి లాగాను.

ఇక్కడే పొరపాటు చేశాను. చక్రాలు గాల్లో ఉండగానే బోల్టులు గట్టిగా బిగించేశాను. నెల తిరక్కుండా రబ్బరు చిరిగింది. కట్ట వేలాడుతున్నప్పుడు బిగిస్తే రబ్బరు ఆ కోణంలోనే పట్టేసుకుంటుంది. బండి దించగానే మెలిపడుతుంది, ఆ మెలితోనే రోజంతా తిరుగుతుంది. ముందు వదులుగా పెట్టి, బండి బరువు చక్రాల మీదకి వచ్చాక చివరి బిగింపు ఇవ్వాలి. రెండోసారి అలా చేశాను. మళ్లీ సీజను మొదలైంది, ఇప్పటికి చప్పుడు లేదు.

మనవాళ్లకి ఇంకో అలవాటుంది. కిర్రుమంటే చాలు కాలిన ఆయిలు తెచ్చి కట్టలకి అభిషేకం చేస్తారు. రెండ్రోజులు హాయిగానే ఉంటుంది. ఆ ఆయిలుకి రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది, దుమ్మంతా అంటుకుంటుంది. గ్రీజు ఎక్కించే నిప్పిల్ ఉన్న ఇనుప బుష్ అయితే గ్రీజు గన్ పట్టండి. రబ్బరు జోలికి మాత్రం ఆయిలు తేవద్దు.

జాకీ ఒక్కదాని మీద నిలబెట్టిన బండి కిందకి దూరొద్దు. సిమెంటు ఇటుకలు పేర్చాంలే అనుకునేవాళ్లకి, ఇటుక చెప్పి పగలదు. కట్టని ఇరుసుకి పట్టి ఉంచే యూ బోల్టులు వదులైనా, పట్టీ బీటలిచ్చినా నేనైతే ఆటోనగర్ కమాన్ కట్టల షాపుకే పోతాను. పట్టీలన్నిటినీ మధ్యలో కలిపి ఉంచే సెంటర్ బోల్టు తెగితే ఇరుసు పక్కకి జరిగి బండి ఓరగా నడుస్తుంది, అది ఇంటి ముందు చేసే పని కాదు.

మేస్త్రులు మోసగాళ్లని నేననను. గంటసేపు కింద పడుకుని శబ్దం వెతికితే మనం పది రూపాయలివ్వం, సామాను మారిస్తే వేలు ఇస్తాం. ఇక వాళ్లు మార్చక ఏం చేస్తారు? వెతికినందుకు కూడా ఒక మూడొందలు కూలీ ఇవ్వడం మనం అలవాటు చేసుకోవాలి. వాళ్లు కూడా విప్పిన పాత సామాను అడక్కముందే మన చేతిలో పెట్టాలి. ఈ రెండు ముక్కలూ మీ పేపర్లో వేస్తే మా ఆటోనగర్‌లో అందరూ చదువుతారు.

నేను విప్పిన పాత బుష్ డాష్‌బోర్డు మీద వినాయకుడి పక్కనే ఉంది. ఒకవైపు రబ్బరు కాగితంలా అరిగిపోయి బొక్క కోడిగుడ్డు ఆకారంలోకి వచ్చింది. యార్డులో ఎవరడిగినా తీసి చూపిస్తున్నాను.

ఇట్లు,
ఒక మిర్చి బండి డ్రైవరు,
గుంటూరు